ట్రక్కులు తయారు చేసే కంపెనీలకు ఒక బ్రేక్ మెకానిక్ బహిరంగ లేఖ: ఆ ఎర్ర లైటు ఎందుకు వెలిగిందో కూడా చెప్పండి

ట్రక్కులు, పికప్‌లు తయారు చేసే కంపెనీల ఇంజనీర్లకు, వాటి సర్వీస్ పుస్తకాలు రాసేవాళ్లకు నమస్కారం.

బ్రేకుల పని నాది. మీరు గీసిన డ్రాయింగుల ప్రకారం వేసిన పైపుల కింద పడుకుని, మీరు బిగించిన నిపుళ్లు, అంటే గాలి బయటికి వదిలే చిన్న స్క్రూలు, విప్పి, మీ వాల్వుల్లో ఇరుక్కున్న గాలిని బయటికి తీసేవాణ్ణి. మీతో నాకున్న గొడవ సూటిగా చెప్తాను. బ్రేకులో తేడా వచ్చిందని చెప్పడానికి మీటర్లో ఒక ఎర్ర లైటు పెట్టారు, మంచిదే, కానీ ఏం తేడా వచ్చిందో చెప్పకుండా వదిలేశారు. ఆ తేడా సరిచేశాక లైన్లలో గాలి ఎలా తీయాలో, ఏ చక్రంతో మొదలుపెట్టాలో, ఏ వాల్వుని ఎలా పట్టుకోవాలో అన్న పద్ధతిని బండి కొన్నవాళ్ల చేతికి ఇవ్వకుండా డీలర్ల దగ్గర దాచుకున్నారు. ఈ రెండూ కలిసి చేస్తున్న నష్టం మీకు షోరూమ్‌లో కనిపించదు. లైటు ఎంతకీ ఆరకపోతే బల్బు పీకేసిన బండ్లు, దాని మీద నల్ల టేపు అతికించిన బండ్లు మా షెడ్లకి వస్తాయి.

ముందు ఆ లైటు సంగతి. చాలా బండ్లలో ఆ ఒక్క ఎర్ర బల్బుకి రెండు మూడు స్విచ్‌లు కలిసి ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్ లివర్ దగ్గర ఒకటి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో తేలే ఫ్లోట్‌కి ఒకటి, కొన్నింటిలో ముందు చక్రాల లైనుకీ వెనక చక్రాల లైనుకీ మధ్య ప్రెజర్ తేడా పట్టుకునే వాల్వులో ఇంకొకటి. ఏ స్విచ్ కలిసినా వెలిగేది అదే బల్బు. మొదటిదైతే లివర్ పూర్తిగా దింపితే సరిపోతుంది. రెండోదైతే ప్యాడ్‌లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం. మూడోదైతే రెండు లైన్లలో ఒకటి చచ్చిపోయింది, మిగిలిన లైను మీదే బండి ఆగుతోంది, లోడు మీద ఉంటే ఆగే దూరం బాగా పెరిగిపోతుంది, ఇంకో మలుపు కూడా చూడకుండా పక్కకి తీసి నిలపాల్సిన పరిస్థితి అది. ఇంత తేడా ఉన్న కబుర్లన్నిటినీ ఒకే రంగులో, ఒకే గుర్తుతో చెప్తే డ్రైవరు ఏమనుకోవాలి? తేలికైన కారణమే అయ్యుంటుందని అనుకుంటాడు, ఎవరైనా అదే అనుకుంటారు, ముఖ్యంగా సరుకు టైముకి దింపాలని ఫోను మీద ఫోను వస్తున్నప్పుడు.

అనుకుని ఏం చేస్తాడంటే, బానెట్ ఎత్తి ఆయిల్ పోస్తాడు. లైటు ఆరిపోతుంది. సమస్య తీరిందనుకుని బయల్దేరతాడు. కానీ బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లాగా వాడకంలో తరిగేది కాదు. అది మూసిన లైను, పోవడానికి దారి లేదు. మట్టం తగ్గిందంటే రెండే దారులు: ప్యాడ్ అరిగిన కొద్దీ దాన్ని నొక్కే క్యాలిపర్ పిస్టన్ బయటికి జరిగి, దాని వెనక ఖాళీని నింపడానికి ఆయిల్ కిందికి దిగింది, లేదా ఎక్కడో బయటికి పోతోంది. ప్యాడ్‌లు అరిగినందువల్ల తగ్గితే పైన పోయడం అంటే మీరు పెట్టిన హెచ్చరికని తుడిచేయడమే. అలా పోసిన బండికి తర్వాత కొత్త ప్యాడ్‌లు వేయడానికి పిస్టన్లు వెనక్కి నొక్కితే డబ్బా పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు ఊడిపోతుంది. ఇక కారుతున్నదైతే, ఎక్కడ కారుతోందో వెతకడం చాలామందికి తెలియదు. వెనక డ్రమ్ములో షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు అంచు ఎత్తి చూడాలి, అక్కడ తడి ఉందంటే లోపలి రబ్బరు కప్పు (సీలు) పోయినట్టే. పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే, ఆయిల్ పెడల్ బలం పెంచే బూస్టర్ లోపలికి వెళ్తుంది, నేల మీద ఒక్క చుక్క కూడా పడదు. బండి కింద ఎంత వెతికినా ఏమీ దొరకదు, డబ్బాలో మట్టం మాత్రం తగ్గుతూనే ఉంటుంది. "ఆయిల్ పోసే ముందు ప్యాడ్‌లు, లైనర్లు, లీకులు చూడండి" అన్న ఒక్క వాక్యం డబ్బా మూత మీద ముద్రించడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ మూత మీద ఇప్పుడు ఎక్కువగా డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ రకం పేరే ఉంటుంది.

లైటు ఎప్పుడు వెలుగుతోందో గమనిస్తే కారణం చాలావరకు పట్టుబడుతుంది. పాత మెకానిక్‌లు చేసేది అదే, మీ పుస్తకాల్లో మాత్రం అది ఉండదు. మలుపు తిరిగేటప్పుడో, గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడో ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోందంటే డబ్బాలో మట్టం అంచున ఉంది, ఆయిల్ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఫ్లోట్ కిందికి పోతోంది. పెడల్ తొక్కినప్పుడే వెలిగి, వదిలితే ఆరిపోతోందంటే రెండు లైన్ల మధ్య ప్రెజర్ తేడా ఉంది, ఆ బండిని తోలకూడదు. డబ్బా నిండుగా ఉన్నా లైటు వెలుగుతూనే ఉంటే ఫ్లోట్‌ని అనుమానించాలి, ఏళ్ల తరబడి ఆయిల్లో నాని అది తేలడం మానేసి మునిగిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ దింపినా ఆరకపోతే లివర్ కింది స్విచ్ పక్కకి వంగి ఉండొచ్చు, దుమ్ము పట్టి ఇరుక్కుని ఉండొచ్చు, దాని వైరు ఒరిపిడికి తెగి బాడీకి తగులుతూ ఉండొచ్చు. పాత బండ్లలో స్విచ్‌ల ప్లగ్గులు ఒక్కొక్కటీ పీకుతూ పోతే ఏది పీకినప్పుడు లైటు ఆరిందో తప్పు అక్కడే ఉందని తెలుస్తుంది, కరెంటు కొలిచే మీటరు కూడా అక్కర్లేదు. కొత్త బండ్లలో ఈ చిట్కా అన్నిసార్లూ పనికిరాదు, ఎందుకంటే ప్లగ్గు ఊడితే కూడా లైటు వెలిగేలా మీరు మార్చారు. అది మంచి మార్పే, కానీ ఏ మోడల్లో ఏది ఎలా పని చేస్తుందో రాసి ఇవ్వలేదు.

ఇంకొకటుంది, ఇది చాలామందిని తికమక పెడుతుంది. బ్రేక్ లైటూ బ్యాటరీ లైటూ జంటగా వెలుగుతాయి. బ్రేకులు విప్పి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కొన్ని బండ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయినా ఈ రెండూ కలిసి వెలుగుతాయి, అక్కడ బ్రేకుకి ఏ రోగమూ లేదు. కానీ కొన్ని డీజిల్ బండ్లలో బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. బెల్టు తెగిందంటే ఛార్జింగూ పోతుంది, వాక్యూమూ పోతుంది, బూస్టర్‌లో మిగిలిన కాస్తా ఒకటి రెండు తొక్కుల్లో అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. చూడ్డానికి ఒకే జంట లైట్లు, ఒక బండిలో ఇంటిదాకా తోలుకుపోవచ్చు, ఇంకో బండిలో దిగుడు మీద ప్రాణం మీదికి వస్తుంది. ఏది ఏదో మీకు తెలుసు. డిజైన్ చేసింది మీరే కదా.

ఇవాళ మీటరంటే పెద్ద స్క్రీనే అయిపోయింది. టైర్లలో గాలి ఎంతుందో చక్రం చక్రానికీ అంకెల్లో చూపిస్తున్నారు, తలుపు ఏది తెరిచి ఉందో బొమ్మ వేసి చూపిస్తున్నారు. కొన్ని మోడళ్లలో బ్రేక్ ఆయిల్ తక్కువని అక్షరాల్లో చెప్తున్నారు కూడా, అంటే చేయగలరు. చేయగలిగినదాన్ని ఖరీదైన మోడళ్లకే ఎందుకు ఆపేశారు? రోజంతా లోడు మోసే బండికే అది ఎక్కువ అవసరం.

బల్బు పీకే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఒక పని తప్పకుండా చేయాలి: తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ చూడండి. ఎర్ర బ్రేక్ లైటు, చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్ తాలూకు పసుపు లైటు రెండూ కొన్ని క్షణాలు వెలిగి తీరాలి. వెలగలేదంటే బల్బు పోయిందో, తీసేశారో. ఇంకా తెలివి మీరినవాళ్లు ఆ బల్బు వైరుని వేరే లైటుతో కలిపేస్తారు, తాళం తిప్పినప్పుడు రెండూ కలిసి వెలిగి కలిసే ఆరిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ లాగినా ఎర్ర లైటు వెలగకపోతే దొరికిపోతారు. ఇలా చేసేవాళ్లని నేను సమర్థించను, అది ఎదుటివాళ్ల ప్రాణాలతో చెలగాటం. కానీ అక్కడిదాకా ఎందుకు వెళ్తున్నారో చూడండి. లైటు వెలిగింది, ఎందుకో తెలియదు, పార్టులు మార్చారు, అయినా వెలుగుతోంది, డబ్బు పోయింది, లైటు పోలేదు, చివరికి బల్బు మీద పడ్డారు.

అలా పార్టులు మార్చినా ఆరని లైట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది బ్లీడింగ్, అంటే గాలి తీయడం, తర్వాత ఆరని లైటు. ఒక లైను తెగింది, పైపు మార్చారు, గాలి తీశారు, పెడల్ గట్టిగా ఉంది, అయినా ఎర్ర లైటు అలాగే ఉంది. కారణం ఆ ప్రెజర్ తేడా వాల్వు. అందులో ఒక చిన్న పిస్టన్ రెండు లైన్ల మధ్య నిలబడి ఉంటుంది. ఒక వైపు ప్రెజర్ పడిపోతే రెండో వైపు ప్రెజర్ దాన్ని అటు తోసేస్తుంది, అది స్విచ్‌ని కలిపి లైటు వెలిగిస్తుంది. కొన్ని వాల్వుల్లో రిపేరు అయ్యాక గట్టిగా ఒకసారి పెడల్ తొక్కితే పిస్టన్ మధ్యకి వచ్చేస్తుంది. కొన్నింటిలో రాదు. అప్పుడు ముందు తెగిన లైను కాకుండా రెండో లైను నిపుల్ కొంచెం విప్పి, తాళం ఆన్‌లో పెట్టి, పెడల్‌ని నెమ్మదిగా నొక్కుతూ పోవాలి, లైటు ఆరిన క్షణంలో పాదం అక్కడే ఆపి నిపుల్ బిగించాలి. ఇంకాస్త ఎక్కువ నొక్కితే పిస్టన్ రెండో పక్కకి పోయి లైటు మళ్లీ వెలుగుతుంది, మళ్లీ మొదటినుంచి. ఇది తెలియక బాగున్న మాస్టర్ సిలిండర్లు ఎన్ని మారుతున్నాయో! నాలుగు వాక్యాల్లో చెప్పగలిగిన విషయం, బండితో ఇచ్చే పుస్తకంలో ఉండదు. ఆ పుస్తకంలో సీటు ఎలా జరపాలో రెండు పేజీలుంటుంది, బ్రేక్ దగ్గరికి వచ్చేసరికి "మీ డీలర్‌ని సంప్రదించండి" అని ఉంటుంది.

గాలి తీయడం అంత పెద్ద విషయమా అనుకునేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి చెప్తాను. ఆయిల్‌ని ఎంత నొక్కినా కుంచించుకోదు, అందుకే పాదం బలం చక్రం దాకా వెళ్తుంది. గాలి కుంచించుకుంటుంది. లైనులో బుడగ ఉంటే మీరు తొక్కిన తొక్కులో సగం ఆ బుడగని నొక్కడానికే పోతుంది, పెడల్ మెత్తగా దిగిపోతుంది. అంతకంటే మోసం చేసేది నీళ్లు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఆయిళ్లు గాలిలోని తేమని పీల్చుకుంటాయి, మూత తీసి పెట్టిన డబ్బాలోనైనా, బండిలో రబ్బరు హోస్‌ల గుండానైనా. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కి అవే 230, 155. పొడవాటి దిగుడు మీద బ్రేక్ పట్టుకుని దిగుతుంటే చక్రం దగ్గర ఆయిల్ ఆ వేడికి చేరుకోవచ్చు, అప్పుడు అది మరిగి ఆవిరవుతుంది, ఆవిరి కూడా గాలిలాగే కుంచించుకుంటుంది, పెడల్ నేలకి తగులుతుంది. కింద బండి నిలబడి చల్లారాక మెకానిక్ వచ్చి చూస్తే పెడల్ గట్టిగా ఉంటుంది, డబ్బా నిండుగా ఉంటుంది, లైటు ఆరిపోయి ఉంటుంది. మీ లైటు చెప్పలేని లోపం ఇది. అందుకే ఆయిల్‌ని రెండేళ్లకోసారి మార్చడం, అంటే పాతదంతా నిపుళ్ల గుండా తోసేసి కొత్తది నింపడం అవసరం. ఇంకో మాట, డాట్ 5 అంటే సిలికాన్ ఆయిల్, డాట్ 5.1తో దానికి సంబంధం లేదు, మిగతావాటితో కలపకూడదు. పేర్లు చూసి 5 కంటే 5.1 కాస్త మంచిదేమో అనుకుంటారు పాపం.

ఇక చక్రాల వరస. మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలన్నది అందరికీ తెలిసిన నియమం. స్టీరింగ్ ఎడమ పక్క ఉన్న బండికి అది సాధారణంగా కుడి వెనక చక్రం. కుడి పక్క స్టీరింగ్ ఉన్న బండిలో మాస్టర్ సిలిండర్ కూడా కుడి పక్కే ఉంటే ఎడమ వెనక చక్రం దూరమవుతుంది. కానీ ఒక దేశం కోసం రాసిన వరసే అన్ని చోట్లా పుస్తకం నుంచి పుస్తకానికి, మనిషి నుంచి మనిషికి పాకిపోయింది. పైగా కొన్ని మోడళ్లకి ఈ దూరం నియమమే వర్తించదు, ఏబీఎస్ యూనిట్ లోపలి దారుల్ని బట్టి వేరే వరస ఉంటుంది. ఆ వరస చెప్పగలిగింది మీరొక్కరే, అది దాచడంలో మీకు వచ్చే లాభమేమిటో నాకు అర్థం కాదు.

లోడుని బట్టి పని చేసే వాల్వు కథ ఇంకా ఘోరం. ఛాసిస్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య ఒక లివరో స్ప్రింగో పెట్టి, బండి ఖాళీగా ఉంటే వెనక బ్రేకులకి ప్రెజర్ తగ్గించి, లోడుంటే పెంచే వాల్వు అది. ఖాళీ బండి వెనక చక్రాలు జామ్ అయి అడ్డం తిరగకుండా ఆపుతుంది, చాలా మంచి వస్తువు. కానీ మెకానిక్ ఛాసిస్ కింద జాకీ పెట్టి బండి ఎత్తాడంటే యాక్సిల్ కిందికి వేలాడుతుంది, వాల్వు బండి పూర్తిగా ఖాళీ అనుకుని వెనక లైను దారి బిగిస్తుంది. అక్కడ గంటసేపు తొక్కించినా వెనక నిపుల్లో ఆయిల్ సన్నగా కారుతుందే తప్ప బుడగల్ని తోసుకొచ్చేంత ధార రాదు. బండి చక్రాల మీదే నిలబెట్టో, స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టో పని చేయాలి. కొన్ని వాల్వులకి సొంత నిపుల్ కూడా ఉంటుంది, మట్టి కింద కప్పబడి కనిపించదు, దాన్ని తెరవకపోతే ఆ వాల్వులో గాలి అక్కడే ఉండిపోతుంది. ఇంకొన్ని బండ్లలో ముందు డిస్క్ బ్రేకుల లైనులో, అవి కాస్త ఆలస్యంగా పట్టేలా చేసే ఒక మీటరింగ్ వాల్వు ఉంటుంది. ప్రెజర్ డబ్బాతో గాలి తీసేటప్పుడు, ఆ తక్కువ ప్రెజర్‌లో అది మూసుకునే ఉంటుంది కాబట్టి దాని పిన్నుని పట్టి ఉంచాలి. ఈ రెండు వాల్వుల గురించి తెలియకపోతే మంచి పనివాడు కూడా ఓడిపోతాడు. ఓడిపోయి, "ఇంతే వస్తుంది సార్, కొత్తలో కాస్త మెత్తగానే ఉంటుంది" అని బండి ఇచ్చేస్తాడు. మెత్తటి పెడల్ ఉన్న లోడు బండి రోడ్డెక్కుతుంది.

నా తోటి మెకానిక్‌లకి కూడా ఈ లేఖలోనే కొన్ని మాటలు. పెడల్ కిందికి పోతోందంటే అన్నిసార్లూ గాలే కాదు. మొదటి తొక్కుకి కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగుతోందంటే ముందు వెనక డ్రమ్ముల్లో షూల ఎడ్జస్ట్‌మెంట్ చూడండి, ఆ తర్వాతే నిపుల్ మీద స్పానర్ పెట్టండి. పాదం ఆనించి ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా లీకు లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ కప్పుని దాటిపోతోంది. క్యాలిపర్లు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మారిపోతే నిపుల్ కింది వైపుకి వస్తుంది, గాలి పైన ఉండిపోతుంది, ఎన్ని లీటర్లు పోసినా రాదు. నిపుల్ ఎప్పుడూ పైనే ఉండాలి. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో గాలి తీసేటప్పుడు పెడల్ నేల దాకా తొక్కించకండి, కింద ఒక చెక్క దిమ్మ పెట్టండి, రోజూ కప్పులు తిరగని చోట తుప్పు ఉంటుంది, అక్కడికి వెళ్లిన కప్పు చిరుగుతుంది. కొత్త మాస్టర్ సిలిండర్‌ని బండికి బిగించే ముందే వైజులో పట్టి, పైపు ముక్కలు డబ్బాలోకే వంచి, చిన్న తొక్కులతో గాలి తీయండి. వాక్యూమ్ పంపుతో లాగేవాళ్లకి బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే భయపడకండి, అది నిపుల్ థ్రెడ్ల చుట్టూ బయటినుంచి లాగుతున్న గాలి కావచ్చు, చివర్లో ఒకసారి పాదంతో తొక్కించి తేల్చుకోండి. పాదం తీయకముందే నిపుల్ మూయాలి, డబ్బా ఒక్కసారి కూడా అడుగంటకూడదు, బయటికి వచ్చిన ఆయిల్ మళ్లీ పోయకూడదు, ఇవి మీకు తెలిసినవే.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను, అసలు బాధ ఇక్కడుంది. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే. డబ్బా పూర్తిగా ఖాళీ అయినప్పుడో, యూనిట్ మార్చినప్పుడో లోపలి చిన్న వాల్వుల వెనక, పంపులో గాలి చేరుతుంది. బయటినుంచి ఎంత తొక్కినా చాలా యూనిట్లలో ఆ గదులు తెరుచుకోవు. వాల్వుల్ని, పంపుని కంప్యూటర్ ఆడించాలి, ఆ సమయంలో నిపుల్ తెరిచి గాలి తీయాలి. ఆ ఆడించే ప్రోగ్రామ్ బండిలోనే ఉంది, కొన్నవాడు డబ్బు కట్టి కొన్న కంప్యూటర్‌లోనే. దాన్ని మొదలుపెట్టే ఆజ్ఞ మాత్రం ఎక్కువగా మీ స్కానర్‌కే, అంటే బండి కంప్యూటర్‌తో మాట్లాడే పరికరానికే, తెలుసు. బయట దొరికే స్కానర్లలో కొన్ని కొన్ని మోడళ్లకి చేస్తాయి, కొన్నింటికి చేయవు, కొనేదాకా తెలియదు. బండి ఎక్కడో రోడ్డు పక్కన ఆగింది, డీలర్ దూరం, స్కానర్ లేదు. అప్పుడు ఏం చేస్తారంటే మామూలుగా గాలి తీసి, కంకర రోడ్డు మీదికి తీసుకెళ్లి గట్టిగా బ్రేక్ కొట్టి ఏబీఎస్ పని చేసేలా చేసి, తిరిగొచ్చి మళ్లీ గాలి తీస్తారు. పెడల్ అప్పటికే బాగా గట్టిగా ఉంటే, ఖాళీ చోటు ఉంటే సరే. మెత్తటి పెడల్‌తో ట్రక్కుని రోడ్డు మీదికి తీసుకెళ్లి గట్టిగా బ్రేక్ కొట్టడం ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పాలా? ఆ ప్రమాదంలోకి వాళ్లని నెట్టింది మీరు వేసిన తాళమే. స్టీరింగ్ మీది బటన్లతో, బండి నిలబడి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే మొదలయ్యేలా ఆ ప్రోగ్రామ్‌ని మీటర్ మెనూలో పెట్టండి.

పసుపు ఏబీఎస్ లైటు గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అది ఒంటరిగా వెలిగితే చాలా బండ్లలో మామూలు బ్రేకు ఉంటుంది, చక్రం జామ్ కాకుండా కాపాడే సాయం ఉండదు. ఎక్కువసార్లు చక్రం దగ్గరి సెన్సరే: వైరు ఒరిపిడి, బేరింగ్ ఆట వల్ల పెరిగిన గ్యాప్, పళ్ల రింగు తుప్పు, కొసకి అంటుకున్న ఇనుప పొడి. కొత్త సెన్సర్ కొనే ముందు తుడిచి చూడాలి. కానీ ఎర్రదీ పసుపుదీ రెండూ కలిసి వెలిగితే మాటే వేరు, ముందు వెనక బ్రేకుల బలాన్ని పంచే వ్యవస్థ కూడా ఆగిపోయి ఉండొచ్చు, గట్టిగా కొడితే వెనక చక్రాలు ముందు జామ్ అయి బండి అడ్డం తిరగొచ్చు. ఈ జంటకి అర్థం చెప్పే వాక్యం పుస్తకంలో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో కాకుండా స్క్రీను మీద రావాలి.

పూర్తి ఎయిర్ బ్రేక్ ఉన్న పెద్ద ట్రక్కుల్లో ఆయిల్ లేదు, నిపుల్ లేదు, అక్కడ పని ట్యాంకుల నుంచి నీళ్లు వదలడం, లీకులు పట్టుకోవడం. సుమారు 60 పీఎస్ఐ దగ్గర బజర్ మోగి లైటు వెలిగితే బండి ఆపాలని ఆ డ్రైవర్లందరికీ తెలుసు, ఎందుకంటే ప్రెజర్ గేజీ కళ్ల ముందే ఉంటుంది. కారణం కనిపిస్తే మనిషి సరిగ్గానే నడుచుకుంటాడు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

తెలియనివాళ్ల చేతికి పద్ధతి ఇస్తే ప్రమాదాలు జరుగుతాయని మీరు అంటారు, విన్నాను ఆ మాట. పద్ధతి ఇవ్వకపోయినా వాళ్లు చేస్తున్నారు. డీలర్ దగ్గరికి వెళ్లలేని బండి చక్రాలు ఊడదీయకుండా ఉండదు, బ్రేక్ పోయిన బండిని ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట బాగు చేస్తూనే ఉంటారు. చేసేవాడి దగ్గర మీ కాగితం ఉంటే సరిగ్గా చేస్తాడు, లేకపోతే ఊహించి చేస్తాడు. బ్రేకులో ఊహకి చోటు ఉండకూడదు. బాధ్యత మీద పడుతుందన్న భయమైతే, ఏ పని స్కానర్ లేకుండా చేయకూడదో అది కూడా రాయండి. "ఇక్కడిదాకా మీరు చేయొచ్చు, ఇది దాటితే బండి కదపకండి" అని రాస్తే మేం గౌరవిస్తాం.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. తెలుగు చదివే డ్రైవరుకి తెలుగులో, ఇంకో భాష చదివేవాడికి ఆ భాషలో, లైటు వెలిగినప్పుడు కారణం స్క్రీను మీద రాయండి. స్క్రీను లేని బండ్లలో హ్యాండ్‌బ్రేక్‌కి వేరే లైటు ఇవ్వండి, అది ఒక్కటి విడదీసినా మిగిలిన ఎర్ర లైటుకి విలువ పెరుగుతుంది. ఏబీఎస్ గాలి తీసే ప్రోగ్రామ్ తాళం తీయండి. ఇప్పటికే రోడ్డు మీదున్న బండ్లకి ఇవేవీ వెనక్కి వెళ్లి పెట్టలేరని నాకు తెలుసు, వాటికి కనీసం మోడల్‌వారీగా ఒక్కో పేజీ అచ్చు వేసి ఎవరు అడిగినా ఇవ్వండి. కొత్త బండ్లకైతే ఒక స్టిక్కరు చాలు: చక్రాల వరస, ఆయిల్ రకం, లోడు వాల్వు ఉందా లేదా, దానికి నిపుల్ ఎక్కడుంది, యాక్సిల్ ఏ స్థితిలో ఉండాలి, లైటు ఆరకపోతే పిస్టన్‌ని మధ్యకి ఎలా తేవాలి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తుందో చూపించే బొమ్మ బానెట్ కింద ఇప్పటికే అతికిస్తున్నారు, దాని పక్కన చోటుంది.